సైనికుడి ఫోటో కొంటున్నారా? ముందు ఆయన పేరేంటో అడగండి

మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. వానలో తడుస్తూ, ఛాతీ నిండా పతకాలతో, కళ్లల్లో నీళ్లతో సెల్యూట్ చేస్తున్న ముసలాయన. కింద "ఈ వీరుడికి ఒక్క లైకైనా కొట్టరా?" అని. ఇప్పుడా బొమ్మకే ఫ్రేము కట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నేను కొని మోసపోయాను, మీరు కొనకండి.

సైన్యంలో పనిచేసి రిటైరైన మా మామయ్య పుట్టినరోజుకి తెప్పించాను. "నిజమైన యుద్ధవీరుడి అరుదైన ఫోటో", "లాభంలో కొంత సైనిక కుటుంబాలకు" అని అమ్మకం పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. మామయ్య కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఎడమ చేత్తో సెల్యూట్ కొడతాడేంట్రా వీడు?" అన్నారు.

అంతే, ఒక్కొక్కటే బయటపడింది. పతకాలు కుడివైపున్నాయి. తాను సంపాదించుకున్నవైతే ఎడమ ఛాతీ మీద ఉండాలని మామయ్య చెప్పారు. పోనీ ఫోటో అటుదిటు అయ్యిందేమో అనుకుందామంటే, పేరుపట్టీ మీద ఉన్నవి ఏ భాష అక్షరాలూ కావు, అక్షరాల్లాంటి గీతలు. మూడో పతకం రిబ్బను కిందికి జారుతూ జారుతూ జేబు బటన్‌లో కలిసిపోయింది. ఏఐ బొమ్మ! మామయ్య నవ్వేసి, "ఏ రెజిమెంటో కనుక్కో" అన్నారు. వెటకారానికే అన్నారు గానీ నేను నిజంగానే అడిగాను.

ఆయనెవరు, ఫోటో ఎవరు తీశారు, డబ్బు ఏ కుటుంబాలకు వెళ్తోంది అని రాస్తే, "ఇది కళాత్మక చిత్రణ, పేజీ అడుగున రాశాం చూడండి" అని జవాబు. చూస్తే నిజమే, చీమ తలంత అక్షరాల్లో ఉంది. ఆర్డర్ మీద ప్రింట్ చేసింది కాబట్టి వాపసు లేదన్నారు. డబ్బు సంగతి ఎత్తితే ఇక ఉలుకూ పలుకూ లేదు. నేను పెట్టిన రివ్యూ కూడా మాయమైంది.

గౌరవించడానికే కదా, కాస్త మెరుగులు దిద్దితే ఏం పోయింది అని ఒక స్నేహితుడన్నాడు. మెరుగులు కొత్తేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1945 మేలో, బెర్లిన్‌లోని రైష్‌టాగ్ (జర్మనీ పార్లమెంటు) భవనం మీద సోవియట్ జెండా ఎగరేస్తున్న ఫోటోని యెవ్‌గెనీ ఖల్దేయ్ తీశాడు. అందులో ఒక సైనికుడి రెండు చేతులకీ వాచీలు కనిపిస్తే, దోచుకున్నవనుకుంటారని ఒకటి గీకేశారు, వెనక పొగ కూడా చేర్చారు. కానీ అక్కడ కనీసం నిజం మనుషులున్నారు, ఏం మార్చారో ఇవాళ చెప్పగలుగుతున్నాం. అదే ఏడాది ఫిబ్రవరి 23న జపాన్ దీవి ఇవో జిమాలో జో రోసెంతాల్ తీసిన ఫోటోలో అమెరికా జెండా నిలబెడుతున్నవాళ్లు ఆరుగురు. వాళ్లెవరన్న దాంట్లో తప్పుల్ని 1947లో, 2016లో, చివరికి 2019లో కూడా అమెరికా మెరైన్ దళం సరిదిద్దింది. డెబ్బై నాలుగేళ్ల తర్వాత కూడా ఒక మనిషి పేరు కోసం వెతికారు! నేను కొన్న బొమ్మలో వెతకడానికి మనిషే లేడు.

కాబట్టి కొనేముందు బొమ్మని ఇమేజ్ సెర్చ్‌లో వేయండి. ఒక్కో చోట ఒక్కో యుద్ధం పేరుతో కనిపిస్తే వదిలేయండి. పేరు, దళం, ఏడాది, ఫోటోగ్రాఫర్ అడగండి. చేతివేళ్లూ రిబ్బన్లూ జూమ్ చేసి చూడండి. అసలైన పాత యుద్ధ ఫోటోలే కావాలంటే, అమెరికా ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు విధుల్లో భాగంగా తీసినవాటికి అక్కడ కాపీరైట్ ఉండదు. వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో అలాంటివి చాలా ఉచితంగా దొరుకుతాయి, వివరాలతో సహా.

అదే బొమ్మ నిన్న మళ్లీ కనిపించింది, ఈసారి ఇంకో యుద్ధం పేరుతో.

ఫ్రేము మాత్రం గట్టిదే, ఆ మాట ఒప్పుకోవాలి. బొమ్మ తీసేసి మామయ్య దళం గ్రూప్ ఫోటో పెట్టాం. కింద పేర్లన్నీ ఆయనే దగ్గరుండి నాతో రాయించారు. వెనక వరసలో చివరాయన పేరు గుర్తు రాలేదు. ఏదో ఒకటి రాసేయనా అంటే ఒప్పుకోలేదు. అక్కడ ఖాళీ ఉంచాం.