చార్మినార్ నుంచి మూసీ దాకా: పాతబస్తీలో దేనికి ఎంత సమయం ఇవ్వాలి

హైదరాబాదు పాతబస్తీలో చూడదగిన స్థలాలు చాలావరకు ఒకే దారి వెంట ఉన్నాయి. మూసీ దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం, మదీనా కూడలి దగ్గర బాద్‌షాహీ అషుర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం), పత్తర్‌గట్టి మీదుగా చార్‌కమాన్, ఆపైన చార్మినార్, దాన్ని ఆనుకొని మక్కా మసీదు, లాడ్ బజారు, చివర చౌమహల్లా ప్యాలెస్. ఇంత దగ్గరగా ఉన్నా వచ్చినవారిలో ఎక్కువమంది చార్మినార్ ముందు ఫొటో దిగి, గాజులు కొని, బిర్యానీ తిని వెళ్ళిపోతారు. ఈ బస్తీకి నిజమైన విలువ తెచ్చే రెండు స్థలాలు, అంటే అషుర్‌ఖానా, చౌమహల్లా, ఆ హడావుడిలో తప్పిపోతున్నాయన్నది నా అభిప్రాయం.

ముందుగా చార్మినార్ గురించే చెప్పాలి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో దీన్ని కట్టించాడు. హిజ్రీ శకంలో వెయ్యో సంవత్సరం కూడా అప్పుడే మొదలైంది. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసి, నీటికి ఇబ్బంది పడుతున్న కాలంలో మూసీకి ఇవతల కొత్త నగరం కట్టాలని సుల్తాను సంకల్పించగా, ఆయన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్తరాబాదీ నగరానికి రూపకల్పన చేశాడు. నాలుగు వైపులా సాగే రాజవీధుల కూడలిలో నిలిపిన కట్టడం కాబట్టి, దీని అందం పైకెక్కితే కన్నా కింద నిలబడి ఒక్కో కమాను గుండా ఒక్కో వీధిని చూసినప్పుడే బాగా తెలుస్తుంది. ఇరుకైన మెలికల మెట్లు ఎక్కగలిగినవారు మొదటి అంతస్తు దాకా వెళ్ళి రావచ్చు, కాని వృద్ధులు, మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కలేకపోయామని బాధపడవలసిన పని లేదు. కమానుల మీది గడియారాలు 1889లో, ఆరో నిజాము కాలంలో అమర్చినవి. సున్నపు గచ్చుతో మలిచిన పూల పనితనం ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ స్పష్టంగా కనిపిస్తుంది.

ఉత్తరంగా కొద్ది దూరం నడిస్తే గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెను, దాని నాలుగు వైపులా చార్‌కమాన్ ఉంటాయి. ఈ నాలుగు కమానుల మధ్య ఒకప్పుడు సుల్తానుల రాజప్రాసాదానికి ముంగిలి ఉండేది. ఇప్పుడు ముత్యాల దుకాణాల మధ్య వాహనాలు తోసుకుపోయే చోటు కావడంతో అక్కడ తల పైకెత్తి చూసేవారు తక్కువ. ఆ ప్రాసాదాలలో ఏవీ మిగలలేదు గనుక, కుతుబ్‌షాహీ నగరపు తొలి రూపాన్ని ఊహించుకోవడానికి చార్మినార్‌తో పాటు ఈ కమానులు మనకు దక్కిన ముఖ్యమైన ఆధారాలు.

ఇక అషుర్‌ఖానా. చార్మినార్ తరువాత కొద్ది సంవత్సరాలకే మొహర్రం సంతాప సభల కోసం అదే సుల్తాను దీన్ని కట్టించాడు. గోడల మీది రంగు పలకల పని 1611 ప్రాంతంలో పూర్తయింది. నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల పలకలను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అతికేలా కూర్చి, ఆలం (మొహర్రంలో ఊరేగించే పీరు) ఆకారాలను, పూర్ణకుంభం నుంచి పైకి పాకే తీగలను గోడలనిండా నింపారు. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ పసుపు, ఆ నీలం ఇంకా మెరుస్తుండటం చూస్తే ఎవరికైనా గొంతు పెగలదు. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద ఈ భవనంలోకి చొరబడి గోడల కింది భాగంలోని పలకలను పాడుచేసింది. తరువాత ఆ భాగాన్ని రంగులు పూసి పాత నమూనాను పోలేలా సరిదిద్దారు. పైభాగాన్నీ కింది భాగాన్నీ పోల్చి చూడండి, అసలు పనికీ అనుకరణకూ ఉన్న దూరం కంటికే తెలుస్తుంది. ఇది ఇప్పటికీ ప్రార్థనాస్థలమే కనుక చెప్పులు బయట విడిచి, తల కప్పుకొని, మాట తగ్గించి లోపలికి వెళ్ళాలి. ఇంతటి కళాసంపద ఉన్న చోటికి నగరవాసులే దారి అడగవలసి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

చౌమహల్లా నిర్మాణం 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలై, అయిదో నిజాము అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. దర్బారు హాలైన ఖిల్వత్ ముబారక్‌లో పాలరాతి గద్దె మీద నిజాములు కొలువుతీరేవారు. పైన వేలాడే 19 బెల్జియం గాజు దీపగుచ్ఛాలు ఆ హాలుకు ఇప్పటికీ కొలువుకళ తెస్తాయి. దక్షిణపు ఆవరణలో అఫ్జల్ మహల్, తహనియత్ మహల్, మెహతాబ్ మహల్, ఆఫ్తాబ్ మహల్ ఒక కొలను చుట్టూ ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. 2000 తరువాత, చివరి నిజాము మనుమడు ముకర్రం జా మాజీ భార్య రాకుమారి ఎస్రా చొరవతో, వాస్తుశిల్పి రాహుల్ మెహరోత్రా పర్యవేక్షణలో జరిగిన పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. శిథిలమైన దాన్ని కొత్తదిగా మార్చకుండా, పాతదిగానే నిలబెట్టడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇక్కడికి రావాలి. పాత కార్ల విభాగంలోని 1911 నాటి రోల్స్ రాయిస్ దగ్గర పిల్లలు ఆగిపోతారు, పెద్దలకు మాత్రం దుస్తులు, పాత ఫొటోలు ఉన్న గదులలో ఎక్కువసేపు పడుతుంది. టికెట్టు ఖర్చుకు ఈ బస్తీలో ఇంత ప్రతిఫలం ఇచ్చే చోటు మరొకటి లేదు.

మక్కా మసీదుకు కుతుబ్‌షాహీల కాలంలో పునాది పడగా, 1694లో ఔరంగజేబు హయాంలో పని ముగిసింది. రెండో అసఫ్‌జా నుంచి ఆరో అసఫ్‌జా దాకా నిజాముల సమాధులు ప్రాంగణంలో ఒక పక్కన వరుసగా ఉన్నాయి. 2023 జనవరిలో ముకర్రం జాను కూడా ఈ మసీదు ప్రాంగణంలోనే ఖననం చేశారు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి కనీసం సగం రోజు కేటాయించలేనివారు దాన్ని మరో ప్రయాణానికి వాయిదా వేసుకోవడం మేలు. 1951లో సాలార్‌జంగ్‌ల నివాస భవనమైన దివాన్ దేవ్‌డీలో మొదలై 1968లో ఇప్పటి భవనానికి మారిన ఈ సంగ్రహంలో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెకా విగ్రహం దగ్గర, గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం దగ్గర జనం గుమిగూడతారు. పచ్చరాయి పిడి ఉన్న జహంగీరు చురకత్తి, నూర్జహాన్ పండ్లకత్తి ఉన్న గదిలో మాత్రం ప్రశాంతంగా నిలబడి చూసే వీలుంటుంది. నన్నడిగితే ముందు ఆ గదికే వెళ్ళమంటాను.

లాడ్ బజారులో లక్కను వేడిచేసి, గాజుగా వంచి, దాని మీద రాళ్ళు అతికే పనివారిని చూడకుండా బేరానికి దిగవద్దు. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పని చూసినవారు ధర గురించి మరోలా ఆలోచిస్తారు.

మ్యూజియం, చౌమహల్లా రెండింటికీ శుక్రవారం సెలవు. అదే రోజు మధ్యాహ్నం మక్కా మసీదు చుట్టూ నమాజుకు వచ్చేవారి రద్దీ ఉంటుంది. కాబట్టి మరో రోజు ఉదయాన్నే అషుర్‌ఖానాతో మొదలుపెట్టి, ఎండ ముదరకముందే చార్మినార్ చేరుకొని, మధ్యాహ్నమంతా చౌమహల్లా నీడలో గడిపేలా ప్రయాణం వేసుకోవాలి. సొంత కారు తెచ్చుకుంటే నిలపడానికి చోటు వెతకడంలోనే పొద్దుపోతుంది, అందువల్ల మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడినుంచి ఆటోలోనో నడిచో రావడం సుఖం.