లేజర్ కాంతిని పెంచడానికి ఏది మేలు: ఎర్బియం ఫైబరా, సెమీకండక్టర్ చిప్పా?

లేజర్ యాంప్లిఫైయర్ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది గెయిన్ (కాంతిని ఎంతగా పెంచుతుందన్నది) ఎన్ని డెసిబెల్స్ అని. లోపలికి వెళ్ళిన కాంతి కాల సంబద్ధత (దాని తరంగం లయ తప్పకుండా సాగే గుణం) బయటికి వచ్చేసరికి ఎంత మిగులుతుందన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం. 10 కిలోహెర్ట్జ్ రేఖావెడల్పు (కాంతి పౌనఃపున్యం విస్తరించి ఉండే మేర) గల లేజర్ శూన్యంలో సుమారు 9.5 కిలోమీటర్ల దాకా తన దశను, అంటే తరంగపు లయను, నిలుపుకోగలదు. ఎంతో శ్రమించి సాధించిన ఆ గుణాన్ని యాంప్లిఫైయర్ దగ్గర పోగొట్టుకోవడం అన్యాయం.

లోపలికి పంపిన కాంతిని, అంటే సంకేతాన్ని, పెంచేది ఉత్తేజిత ఉద్గారం (సంకేతపు ప్రేరణతో అదే దశలో కాంతి పుట్టడం). అది ఉన్నచోట స్వచ్ఛంద ఉద్గారం (దానంతటదే కాంతి పుట్టడం) తప్పదు. అలా పుట్టిన ఫోటాన్లకు సంకేతపు దశతో ఏ సంబంధమూ లేకపోయినా, అవి కూడా సంకేతంతోపాటే పెరుగుతూ పోతాయి. అందువల్ల దశతో నిమిత్తం లేకుండా ఎక్కువ గెయిన్ ఇచ్చే ఏ యాంప్లిఫైయర్‌కైనా నాయిస్ ఫిగర్ (సంకేతంతో పోలిస్తే నాయిస్ ఎంత పెరిగిందన్న కొలత) 3 డెసిబెల్స్ కంటే తగ్గదు. 980 నానోమీటర్ల పంపుతో (శక్తినిచ్చే మరో లేజర్‌తో) ఫైబర్ గాజులో కలిపిన ఎర్బియం అయాన్లు దాదాపు అన్నీ పై శక్తి స్థాయికి చేరతాయి కాబట్టి, ఆ ఫైబర్ 4, 5 డెసిబెల్స్ దాకా రాగలదు. చిప్పులో ఇది సాధారణంగా 7, 8 దగ్గర ఉంటుంది. ఫైబర్ నుంచి చిప్పులోకి కాంతి చేరేటప్పుడు కలిగే నష్టం కూడా అందులో ఒక భాగం.

అసలు తేడా కాలంలో ఉంది. ఎర్బియం పై స్థాయి ఆయుర్దాయం సుమారు 10 మిల్లీసెకన్లు కావడంతో, సంకేతంలోని వేగవంతమైన హెచ్చుతగ్గులను గెయిన్ పట్టించుకోదు. చిప్పులో వాహకాలు (విద్యుదావేశాన్ని మోసే ఎలక్ట్రాన్లు, రంధ్రాలు) నానోసెకను లోపే స్పందిస్తాయి. సంకేతం బలమైనప్పుడు వాటి సాంద్రత తగ్గి, దానితో వక్రీభవన గుణకమూ మారి, తీవ్రతలోని నాయిస్ కాస్తా దశలోని నాయిస్‌గా మారుతుంది. తీవ్రతకూ దశకూ మధ్య ఉన్న ఈ జోడింపును కొలిచే గుణకాన్ని భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ హెన్రీ 1982లో వివరించాడు.

ఎర్బియం యాంప్లిఫైయర్ వెనుక స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి ఉందో చూపే పరికరం) పెట్టి చూడండి. సంకేతం లేనప్పుడు 1530 నానోమీటర్ల దగ్గర స్వచ్ఛంద ఉద్గారపు గుట్ట ఒకటి లేచి ఉంటుంది. లేజర్‌ను ఆన్ చేయగానే నిల్వ ఉన్న శక్తి సంకేతానికి పోయి, ఆ గుట్ట అణిగిపోతుంది. లేజర్ రేఖ వెడల్పు మారదు, దాని కింద ఒక వెడల్పాటి పీఠం మాత్రం మిగులుతుంది. ఇరుకైన ఫిల్టర్‌తో ఆ పీఠాన్ని చాలావరకు కోసివేయవచ్చు గాని, సరిగ్గా రేఖ కిందనే ఉన్న భాగాన్ని ఏ ఫిల్టరూ తీయలేదు.

సుదూర ఫైబర్ లైన్లలో కొన్నిసార్లు ఎర్బియానికి తోడు రామన్ యాంప్లిఫైయర్ (లైన్ ఫైబర్‌లోనే పంపు కాంతితో సంకేతాన్ని పెంచేది) ఉంటుంది. సంకేతం పూర్తిగా బలహీనపడకముందే దారిలోనే పెంచడం దాని బలం. పంపులోని నాయిస్ సంకేతానికి అంటుకోవడం దాని బలహీనత.

1550 నానోమీటర్ల దగ్గర దశ ముఖ్యమైన ఏ పనికైనా నేను ఎర్బియాన్నే ఎంచుకుంటాను. 1310 నానోమీటర్ల దగ్గర ఎర్బియం పనిచేయదు. అక్కడా, చోటు మిల్లీమీటర్లలో మాత్రమే దొరికే చోటా చిప్పును వాడవచ్చు, కాని సంకేతాన్ని సంతృప్త స్థాయికి (సంకేతం బలానికి గెయిన్ తగ్గిపోయే స్థాయికి) బాగా దిగువన ఉంచాలి.