సెర్క్వాల్ వాడకం: మెట్టు కంటే దాని కింద రాసే కారణమే ముఖ్యం

క్వాలిటేటివ్ పరిశోధనల (అంకెల బదులు ఇంటర్వ్యూల్లాంటి వాటితో మనుషుల అనుభవాల్ని తెలుసుకునేవి) సమీక్షలో తేలిన విషయాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడానికి గ్రేడ్-సెర్క్వాల్ అనే విధానం వాడతారు. 2015లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. 2018లో ఇంప్లిమెంటేషన్ సైన్స్ పత్రికలో వరుస వ్యాసాలతో వివరాలు తేటపడ్డాయి. ఇది అధ్యయనాలకు మార్కులు వేయదు, తేలిన ఒక్కో విషయాన్నీ విడిగా తూస్తుంది. 'ఎక్కువ' అనే పై మెట్టుతో మొదలుపెట్టి, లోపాల్ని బట్టి 'మధ్యస్థం', 'తక్కువ', 'చాలా తక్కువ'కు దించుతారు. చూసేవి నాలుగు: అధ్యయనాల పద్ధతిలో లోపాలు, వాటి సమాచారానికీ తేలిన విషయానికీ పొందిక, సమాచారం చాలినంత ఉండటం, మన ప్రశ్నకు సంబంధం.

చాలాకాలం వాడితే అర్థమయ్యేదేమిటంటే, సగం పని తేలిన విషయాన్ని వాక్యంగా రాయడంలోనే ఉంది. కోనసీమ లంకల గర్భిణుల గురించి సమీక్ష చేస్తున్నామనుకోండి. 'రవాణా ఇబ్బంది ఉంది' అని రాస్తే ఏ మెట్టు ఇచ్చినా ఎవరికీ పనికిరాదు. 'వరదలో రేవు దాటలేమన్న భయంతో నెలలు నిండకముందే పట్నంలోని బంధువుల ఇంటికి చేరతారు' అంటే తూచడానికి వీలుంది. కానీ 'భయంతో' అన్నాం కాబట్టి, ఆ భయాన్ని వాళ్ల మాటల్లో వివరంగా చూపే ఇంటర్వ్యూలు కావాలి. అధ్యయనాల్లో ముందే వెళ్లిపోతారన్న సంగతి మాత్రమే ఉంటే ఒక మెట్టు దించాలి, లేదా ఆ పదం తీసేయాలి. తీసేస్తే అదే సమాచారం చాలుతుంది. అధ్యయనాల సంఖ్య చూసి సరిపెట్టేవాళ్లు ఇక్కడే తప్పుతారు: తలా ఒక వాక్యం ఇచ్చిన పన్నెండింటి కంటే లోతుగా రాసిన మూడు మేలు.

ఒకే లోపానికి రెండుసార్లు శిక్ష వేయడం మరో జబ్బు. ఇంటర్వ్యూలు పైపైన చేశారని పద్ధతి కింద దించి, సమాచారం పలచగా ఉందని మళ్లీ దించేస్తారు. వంతెన ఉన్న ఊళ్లవాళ్లు వేరేగా చెబితే పొందిక లేదని వెంటనే దించక్కర్లేదు. ఆ తేడాను వాక్యంలోకే తెస్తే సరిపోతుంది.

డెల్టా పాఠకుడికి అసలు మెలిక నాలుగో అంశంలో. ప్రశ్న లంకల గురించైతే, కొండ ప్రాంతాల అధ్యయనాలకు సంబంధం పరోక్షం, కొన్ని మండలాలవైతే పాక్షికం, ఎక్కడివో సరిగా చెప్పకపోతే అస్పష్టం. అదే ప్రశ్న ప్రపంచంలోని పేద దేశాలన్నిటి గురించైతే ఎక్కడివో తెలిసిన అధ్యయనాలు నేరుగా సంబంధించినవే కావచ్చు, 'ఎక్కువ' కూడా రావచ్చు. ఆ 'ఎక్కువ' చూసి అమలాపురంలో పథకం గీయకూడదు. మన రేవులకు వర్తిస్తుందా అన్నది తేలిన విషయాలు, మెట్లు, కారణాలు రాసే సెర్క్వాల్ పట్టిక చెప్పదు, అది వేరే లెక్క.

ఐసాక్ అనే ఉచిత ఆన్‌లైన్ పనిముట్టు ఈ పట్టికలు తయారుచేసి పెడుతుంది, బాగుంటుంది. కారణం రాసే గడిలో మాత్రం 'స్వల్ప లోపాలు' అని వదిలేస్తే అది అడ్డుపడదు. ఏ లోపం, ఎన్ని అధ్యయనాల్లో, ఈ వాక్యాన్ని ఎలా తాకుతుందో రాయాలి. మూడు స్వల్ప లోపాలు కలిస్తే ఒక మెట్టు అనే సూత్రం కూడా లేదు. ఇద్దరు విడివిడిగా చూసి, తర్వాత కూర్చుని వాదించుకోవాలి. ఒక్కరే చేసే పీహెచ్‌డీ పనికి ఇది బరువే. ఒకే అధ్యయనాన్ని తూచాలంటే అసలు వాడొద్దు, దానికి ఒక్కో అధ్యయనం నాణ్యతను ప్రశ్నలతో చూసే కాస్ప్ చెక్‌లిస్టు చాలు.