పగలొక రంగు, దీపానికొక రంగు: గోథిక్ నిశ్చితార్థపు ఉంగరానికి ఏ రాయి మేలు?

వచ్చే మాఘమాసంలో మా మేనకోడలి నిశ్చితార్థం. తనకు వజ్రపుటుంగరం వద్దని, కోసుగా లేచిన తోరణాలతో నల్లటి ఛాయ ఉన్న గోథిక్ తరహా ఉంగరం కావాలని, అందులో పగలొక రంగు, రాత్రొక రంగు చూపే రాయి పొదిగించాలని ఆమె కోరింది. మా ఇంట్లో రాళ్ల గురించి అంతో ఇంతో తెలిసినదాన్ని నేనే కాబట్టి ఎంపిక బాధ్యత నా మీద పడింది. హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి మొదలు బషీర్‌బాగ్, సోమాజిగూడ వరకు రెండు నెలలు తిరిగాక మా ముందు మిగిలినవి నాలుగు: గనిలో దొరికిన అలెగ్జాండ్రైట్, ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్, రంగు మారే నీలం (సఫైర్), రంగు మారే గార్నెట్. ఈ నాలుగింటిలో ఏది మేలో తేల్చుకోవడానికి రాయి అందంతో పాటు అది ఏ వెలుతురులో, ఎలాంటి చేతికి, ఎన్నేళ్లు ఉండబోతోందో కూడా చూడవలసి వచ్చింది.

ముందుగా రంగు మారడమంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. నెమలికంఠం రంగు పట్టుచీరను అటూ ఇటూ తిప్పితే ఒకసారి నీలంగా, ఒకసారి పచ్చగా కనిపించడం చూసేకోణం వల్ల జరుగుతుంది. ఈ రాళ్లలో మార్పు ప్రధానంగా కాంతి స్వభావాన్ని బట్టి వస్తుంది. అలెగ్జాండ్రైట్‌లో కొద్దిపాటి క్రోమియం ఉంటుంది. అది పసుపు కాంతిని పీల్చుకుని ఆకుపచ్చనూ ఎరుపునూ దాదాపు సమానంగా వదులుతుంది. పగటి వెలుగులో నీలి, ఆకుపచ్చ కిరణాల పాలు ఎక్కువ కాబట్టి అప్పుడు రాయి పచ్చగా కనిపిస్తుంది. నూనె దీపంలోను, పాత ఫిలమెంట్ బల్బులోను ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి అదే రాయి అక్కడ ఎర్రబారుతుంది. అంటే కొనేవాళ్లు రాయిని పరీక్షించినంత శ్రద్ధగా దుకాణంలోని దీపాలనూ పరీక్షించాలి. నగల దుకాణాల్లో చాలావరకు తెల్లటి ఎల్ఈడీలే ఉంటాయి. వాటి కింద ఎంత గొప్ప రాయి అయినా తన పగటి రంగులోనే ఉండిపోతుంది, లేదా రెండు రంగులకూ మధ్యన నిస్తేజంగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా రంగులను తనంతట తాను సరిదిద్దుకుంటుంది కాబట్టి ఫొటో చూసి ఈ జాతి రాళ్లను ఎన్నుకోవడాన్ని నేను గట్టిగా వద్దంటాను.

మన ఇళ్లలో పెద్దలకు ఈ రాళ్ల పేర్లు కొత్తగా తోచవచ్చు గాని, వాటి కులగోత్రాలు మాత్రం నవరత్నాల్లోనే ఉన్నాయి. అలెగ్జాండ్రైట్, వైడూర్యం ఒకే ఖనిజానికి చెందినవి. ఆ ఖనిజం పేరు క్రిసోబెరిల్. రంగు మారే నీలం మాణిక్యం, నీలం పుట్టిన కురువిందం జాతిది. రంగు మారే గార్నెట్ గోమేధికానికి దగ్గరి చుట్టం. ఈ మాట చెప్పిన తరువాతే మా వదిన ఈ ఉంగరం గురించి మనసు విప్పి మాట్లాడింది.

గనిలో దొరికిన అలెగ్జాండ్రైట్‌తో మొదలుపెడతాను. రష్యాలోని ఉరల్ కొండల్లో 1830లలో ఇది బయటపడింది, అప్పటి యువరాజు అలెగ్జాండర్ పేరు దీనికి పెట్టారు. తరువాతి కాలంలో బ్రెజిల్, శ్రీలంకల్లో దొరికింది. మన ఉమ్మడి విశాఖ జిల్లా నర్సీపట్నం పరిసరాల్లో కూడా దొరికింది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కగట్టే మోస్ కొలమానంలో దీనిది 8.5, కనుక రోజువారీ ఉంగరానికి నిస్సందేహంగా సరిపోతుంది. చిక్కంతా వెలతోనే వస్తుంది. మార్పు స్పష్టంగా ఉండి, లోపల నిర్మలంగా ఉండి, ఒక క్యారట్ దాటిన రాయి ధర లక్షల్లోకి వెళ్తుంది. మాకు అందే ధరలో చూపించినవి కందిగింజలో సగమంత ఉన్నాయి, వాటిలోనూ రంగు బూడిద కలిసిన పచ్చ నుంచి గోధుమ ఛాయకు మారి అక్కడే ఆగిపోయింది. గోథిక్ ఉంగరంలో చుట్టూ ఉండే చెక్కడం బరువైనది; దాని నడుమ అంత చిన్న రాయిని పెడితే గుడి కట్టి విగ్రహం మరిచిపోయినట్లుంటుంది.

ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్‌ను నకిలీ అనడం సరికాదు. రసాయనం, స్ఫటిక నిర్మాణం, గట్టిదనం, రంగు మారే తీరు అన్నీ గనిలో దొరికిన రాయివే. తేడా పుట్టుకలో ఉంది, దాన్ని పరీక్షా కేంద్రంవారు లోపలి గుర్తులను బట్టి చెబుతారు. వెల వేలల్లో ఉంటుంది. ముదురు నీలిపచ్చ నుంచి నేరేడు పండు రంగుకు పూర్తిగా మారే రాయిని కావలసిన పరిమాణంలో, కావలసిన కోతలో తెప్పించుకోవచ్చు. అయితే దీన్ని తిరిగి అమ్మితే చేతికి దాదాపు ఏమీ రాదని ముందే తెలిసి ఉండాలి.

ఇక్కడే జాగ్రత్తపడవలసిన మూడో రకం ఒకటుంది. మా పెదనాన్న చాలాకాలం క్రితం గల్ఫ్ నుంచి ఒక పెద్ద రాతి ఉంగరం తెచ్చారు. అమ్మినవాళ్లు దాన్ని అలెగ్జాండ్రైట్ అని చెప్పారు, మేమూ ముప్ఫై ఏళ్లపాటు అలాగే నమ్మాం. పగలు అది బూడిద నీలంగా, దీపం దగ్గర వంగపండు రంగులో కనిపించేది. పచ్చదనం మాత్రం ఎన్నడూ కనిపించలేదు. ఈ ఉంగరం పని మొదలయ్యాక దాన్నీ పరీక్షకు ఇచ్చాను. వనేడియం కలిపి తయారుచేసిన కృత్రిమ కురువిందమని తేలింది. దాని సాంద్రత 4 దగ్గర వచ్చింది. అలెగ్జాండ్రైట్ సాంద్రత 3.73 దగ్గర ఉంటుంది. ఈ రకం రాయి 20వ శతాబ్దం తొలి దశకాల నుంచీ అలెగ్జాండ్రైట్ పేరుతో చెలామణి అవుతోంది, నేటికీ బజారులో ఉంది. పెదనాన్న ప్రేమగా తెచ్చిన వస్తువుకు ఇంట్లో విలువ తగ్గదు, కాని అదే రాయిని ఈనాడు అలెగ్జాండ్రైట్ ధర పెట్టి కొంటే మోసపోయినట్లే. రసీదు మీద ‘ల్యాబ్ అలెగ్జాండ్రైట్’ అని రాస్తే చాలదు, పరీక్షా పత్రంలో ‘క్రిసోబెరిల్’ అన్న మాట ఉండితీరాలి.

రంగు మారే నీలానికి నా మనసులో రెండో స్థానం ఉంది, గనిలో పుట్టిన రాయే కావాలనేవారికి మొదటి స్థానం ఇస్తాను. గట్టిదనం 9. చీలే గుణం లేదు. వంటింట్లో, బండి మీద, ఆఫీసులో ఎక్కడ తగిలినా తట్టుకుంటుంది. పగలు నీలంగాను, దీపం కింద ఊదాగాను కనిపిస్తుంది. ఈ మార్పు పచ్చ నుంచి ఎరుపుకు దూకినంత నాటకీయంగా ఉండదు, నీలం ఎర్రదనాన్ని పులుముకున్నట్లు మెల్లగా ఉంటుంది. నల్లటి లోహం మధ్య ఆ ఊదారంగు చాలా గంభీరంగా కనిపిస్తుందని ఒప్పుకుంటాను. మా ఇంట్లో దీనికి అడ్డుపడింది వేరే విషయం. నీలం శనికి సంబంధించిన రత్నమనీ, జాతకం చూపించకుండా పెట్టుకోకూడదనీ, అది అందరికీ పడదనీ మన పెద్దల నమ్మకం. నిశ్చితార్థం రెండు కుటుంబాలు కలిసి చేసుకునే శుభకార్యం. పెళ్లికొడుకు తరఫు నానమ్మగారు ఆ ఉంగరం చూసిన ప్రతిసారీ మనసులో కలత పడేలా ఉంటే, రాయి ఎంత గట్టిదైతే మాత్రం ఏం లాభం? ఈ పట్టింపు లేని ఇంట్లో నీలానికి వంక పెట్టవలసింది ఏమీ లేదు.

గార్నెట్ గురించి క్లుప్తంగా చెబుతాను. 1990ల చివర్లో మడగాస్కర్‌లోని బెకిలీ ప్రాంతంలో దొరికిన గార్నెట్లు నీలిపచ్చ నుంచి ఊదా ఎరుపుకు మారతాయి, ఆ మార్పు అద్భుతంగా ఉంటుంది. సాధారణంగా వీటికి వేడిచికిత్సలూ చేయరు. కాని గట్టిదనం ఏడు అటూ ఇటూ మాత్రమే. మన ఇళ్లలో, రోడ్ల మీద ఉండే దుమ్ములోని ఇసుకరేణువుల గట్టిదనం కూడా ఏడే కాబట్టి, కొన్నేళ్లకు ముఖాల అంచులు అరిగి మెరుపు మందగిస్తుంది. దీన్ని లాకెట్‌లో పొదిగించుకుంటే తరతరాలు ఉంటుంది. రంగు మారే మరో రాయి, టర్కీ నుంచి వచ్చే డయాస్పోర్‌కు గట్టిదనం తక్కువే గాక ఒక దిశలో సులువుగా చీలిపోయే గుణం కూడా ఉంది, అందుకే దాన్ని మేము మొదట్లోనే పక్కన పెట్టాం.

రాయి తేలినా ఉంగరం తేలినట్లు కాదు. గోథిక్ అనగానే అందరూ నలుపు అనుకుంటారు. అయితే ఆ శైలికి మూలం 12వ శతాబ్దపు ఫ్రాన్స్‌లోని చర్చి కట్టడాలు: కోసు తోరణాలు, సన్నటి స్తంభాలు, రాతిలో జాలీలా చెక్కిన కిటికీలు, వాటి గుండా లోపలికి దిగే రంగుల వెలుగు. ఆభరణాల్లోని నలుపు చాలా తరువాతిది. 1861లో భర్త ఆల్బర్ట్ మరణించాక విక్టోరియా రాణి పాటించిన సుదీర్ఘ సంతాపంతో ఇంగ్లండులో నల్లటి నగలు బాగా వ్యాపించాయి. కాబట్టి శుభకార్యానికి నలుపేమిటని మా వదిన అడిగిన ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఆకారాన్నీ నలుపునూ వేరు చేసి చూడవచ్చని తెలిశాక మాకు దారి దొరికింది. మా మేనకోడలు గీసుకున్న తోరణం నమూనా ఎక్కడో యూరప్‌ది కాదు, 1924లో పూర్తయిన మన మెదక్ చర్చిది. ఆ చర్చిలోని గాజు కిటికీల బొమ్మలు లోపల నిలబడి చూసేవారికి బయటి ఎండ ఉన్నంతసేపే కనిపిస్తాయి. వెలుగును బట్టి ప్రాణం పోసుకునే ఈ రాయికి అంతకన్నా తగిన గూడు నాకు తోచలేదు.

లోహం విషయంలో మూడు ప్రతిపాదనలు వచ్చాయి. నల్లబరిచిన వెండి చవకైనది, అందులో చెక్కడం కూడా బాగా తేలుతుంది. కాని వెండి మెత్తన. రాయిని పట్టి ఉంచే ప్రాంగ్‌లు రోజువారీ వాడకంలో వంగుతాయి. తెల్ల బంగారం మీద అంతటా నల్ల రోడియం పూత వేయిస్తే కొత్తలో కళ్లు తిప్పుకోలేం, అయితే ఆ పూత చాలా పలచన కాబట్టి పక్క వేళ్లకు రాసుకునే చోట కొన్ని నెలల్లోనే పోవడం మొదలై మళ్లీ మళ్లీ వేయించవలసి వస్తుంది. నాకు నచ్చింది మూడోది: 18 క్యారట్ల తెల్ల బంగారంలో ఉంగరం చేయించి, చెక్కడపు లోతుల్లో మాత్రమే నలుపు నింపడం. లోతుల్లో రాపిడి ఉండదు కాబట్టి అది నిలుస్తుంది, పైన తెల్లటి లోహమే కనిపిస్తుంది కాబట్టి పెద్దల మనసూ కుదుటపడుతుంది. 22 క్యారట్లే చేయించమని మా అన్నయ్య పట్టుపట్టాడు గాని, అంత మెత్తని బంగారంలో సన్నటి ప్రాంగ్‌లు రాయిని గట్టిగా పట్టలేవని కంసాలి చెప్పిన తరువాత ఒప్పుకున్నాడు.

గూడు వెనక భాగం తెరిచి ఉండాలని ప్రత్యేకంగా చెప్పడం అవసరం. మన హైదరాబాద్‌లో కుందన్ పని గొప్పది. అందులో రాయి వెనక రేకు పెట్టి మూసేస్తారు. రంగు మారే రాయికి ఆ పద్ధతి పనికిరాదు, వెలుగు రాయి గుండా వచ్చిపోయేలా ఉంటేనే రెండు రంగులూ పలుకుతాయి. అలాగే పులిగోళ్లలా కోసుగా ఉండే ప్రాంగ్‌లు బొమ్మలో బాగుంటాయి గాని చీర పోగుల్ని, జుట్టును లాగుతాయి. వాటి కొసలను గుండ్రం చేయించాం. జాలీ సందుల్లో చపాతీ పిండి ఇరుక్కుంటుంది కాబట్టి వారానికోసారి గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తటి బ్రష్‌తో కడగాలి.

చివరి పరీక్ష మా ఇంట్లోనే జరిగింది. ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్, రంగు మారే నీలం, రెండింటినీ కంసాలి నమ్మకం మీద ఒక రోజుకు ఇచ్చాడు. ఉదయం బాల్కనీలో తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే మొదటిది ముదురాకుల నడుమ చెరువు నీళ్లలా, రెండోది శంఖుపువ్వులా ఉంది. మధ్యాహ్నం మా మేనకోడలు రెండింటినీ డబ్బీలో పెట్టి గచ్చిబౌలిలోని తన ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడి తెల్లటి దీపాల కింద నీలం కాస్త మసకబారిందని, అలెగ్జాండ్రైట్ మాత్రం పచ్చగానే ఉందని చెప్పింది. సాయంత్రం దేవుడి గదిలో లైటు తీసేసి కుందిలో ఒక్క వత్తి వెలిగించాం. నీలం ఊదాగా మారింది, బాగుంది. అలెగ్జాండ్రైట్‌ను ప్రమిద దగ్గరకు తెచ్చేసరికి పచ్చదనం అడుగు నుంచి కరిగిపోయి, అంచుల నుంచి మధ్యకు దానిమ్మ గింజ రంగు పాకింది. “అత్తా, ఇది పెళ్లి పందిట్లో ఇలాగే కనిపిస్తుందా?” అని అడిగింది. ఫ్లడ్‌లైట్ల కింద కనిపించదని, హారతి పళ్లెం దగ్గర కనిపిస్తుందని ఉన్నమాటే చెప్పాను. అది చాలని చెప్పి ల్యాబ్ అలెగ్జాండ్రైట్‌నే ఎన్నుకుంది. నా తీర్పూ అదే. పెట్టుబడిగా ఆలోచించేవారికి నేను ఇది చెప్పను. రంగు మార్పునే ప్రేమించి, రోజూ చేతికి పెట్టుకునేవారికి చెబుతాను.

ఆర్డరు ఇచ్చేటప్పుడు రాతి బరువు, బంగారం నికర బరువు రసీదులో విడివిడిగా రాయించాం. ఒక క్యారట్ అంటే గ్రాములో అయిదో వంతు. ఆ బరువును బంగారం లెక్కలో కలిపితే నష్టం మనదే. హాల్‌మార్క్‌తో పాటు 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన ఆరక్షరాల హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు) సంఖ్య ఉంగరం లోపలి వైపు పడాలని, పరీక్షా పత్రం రాయి పేరుతో విడిగా ఇవ్వాలని, గూడు వెనక రేకు వేయకూడదని కూడా ఆ కాగితం మీదే రాయించుకుని, మేనకోడలు గీసిన తోరణం బొమ్మను దానికి జతచేసి వచ్చాం.