తేలే గాలిమరలపై అమీర్‌పేటలో తరగతులు: ఒక సమీక్ష

సముద్రంలో తేలుతూ విద్యుత్తును ఉత్పత్తి చేసే గాలిమరల గురించి అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ వారాంతాల్లో తరగతులు నిర్వహిస్తోంది. సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల నడుమ ఇలాంటి విషయాన్ని తెలుగులో చెప్పేవారు దొరకడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే గాలిమర ఎలా తేలుతుందో చెప్పినంత శ్రద్ధగా అది ఏళ్ల తరబడి ఎలా మన్నుతుందో చెప్పలేదు.

లోతు సుమారు 60 మీటర్లు దాటితే సముద్రగర్భంలో పునాది వేయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, తేలే నిర్మాణాన్ని లంగరు గొలుసులతో కట్టి నిలుపుతారు. స్కాట్లాండ్ తీరంలో 2017లో ప్రారంభమైన హైవిండ్ అనే తేలే గాలిమరల కేంద్రంలో ఒక్కొక్కటి 6 మెగావాట్ల టర్బైన్లు అయిదు ఉన్నాయి. వాటి ఉక్కు స్తంభాల అడుగున బరువు నింపడం వల్ల గురుత్వ కేంద్రం ఉత్ప్లవన కేంద్రానికి (నీరు పైకి తోసే బలం పనిచేసే బిందువుకు) దిగువన ఉండి, గాలి ఎంత వంచినా స్తంభం తిరిగి నిలబడుతుంది.

అలల గురించి చెప్పిన పాఠం అన్నింటికంటే బాగుంది. ఉయ్యాలను దాని లయకు సరిపడా తోస్తే ఊపు పెరిగినట్టే, అలల ఆవర్తన కాలం, నిర్మాణపు సహజ డోలన కాలం కలిస్తే ప్రమాదం. అలలు సాధారణంగా 5 నుంచి 20 సెకన్లకు ఒకటి వస్తాయి కనుక, ఇలాంటి స్తంభాలు అంతకంటే నెమ్మదిగా ఊగేలా రూపొందిస్తారు. బలమైన గాలిలో టర్బైన్ గాలికి ఎదురుగా ముందుకు ఊగినప్పుడు నియంత్రణ వ్యవస్థ రెక్కల కోణాన్ని మార్చి గాలి ఒత్తిడిని తగ్గిస్తే, ఆ ఊపును అడ్డుకునే శక్తి కూడా తగ్గి ఊగిసలాట పెరుగుతుందనీ, అందుకే ఆ వ్యవస్థ స్పందనను కావాలనే నెమ్మదింపజేస్తారనీ బోర్డుపై గీసి చూపించిన తీరు ప్రశంసనీయం.

2014లో విశాఖను తాకిన హుద్‌హుద్ వంటి తుఫానును ఇవి తట్టుకుంటాయా అని ఒక విద్యార్థి అడిగినప్పుడు మాత్రం, సెకనుకు సుమారు 25 మీటర్ల గాలివేగం దాటితే రెక్కలను గాలికి వాలుగా తిప్పి ఉత్పత్తి ఆపేస్తారని చెప్పి ఊరుకున్నారు. రెక్కలు ఆగినా అలలు ఆగవు. పదేపదే పడే లాగుడుకు గొలుసుల లింకుల లోహంలో పేరుకునే అలసట, ఉప్పునీటి తుప్పు నుంచి ఉక్కును కాపాడే జింకు, అల్యూమినియం దిమ్మెలు, నిర్మాణంతో పాటు కదిలే విద్యుత్ కేబుల్ వంటివి ఒకే స్లైడులో ముగిశాయి. హైవిండ్ టర్బైన్లను భారీ మరమ్మతుల కోసం 2024లో నార్వేకు లాక్కెళ్లిన విషయం ప్రస్తావనకే రాలేదు.

మెకానికల్, సివిల్ విద్యార్థులు మొదటి సగం కోసమైనా తప్పక చేరవచ్చు. గొలుసులకూ తుప్పుకూ ఒక పూర్తి తరగతి కేటాయించమని నిర్వాహకులను కోరాను.