38,800 రూపాయల గేమింగ్ పీసీ: మూడేళ్లు కావొస్తుంటే రాస్తున్న మాట

2023 మే. మా అమ్మాయి ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఫోన్‌లో ఆడీ ఆడీ కళ్లు మంటలంటోంది, అయినా వదలడం లేదు. "డాడీ, ఫోన్ అడగను, ఒక కంప్యూటర్ కొనిస్తావా, మైన్‌క్రాఫ్ట్ సరిగ్గా ఆడుకుంటా" అంది. నాకు హన్మకొండలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం బోరు మోటార్లు బాగా కాలతాయి కాబట్టి చేతిలో కాస్త డబ్బు ఆడే కాలం అది. నలభై వేలు దాటకూడదని మా ఆవిడతో మాట అనుకుని పని మొదలుపెట్టాను.

మా ఊళ్లో ఒక షాపులో గేమింగ్ ల్యాప్‌టాప్ అడిగితే అరవై వేల పైమాటే. అదే షాపువాళ్లు నలభైలో రెడీమేడ్ డెస్క్‌టాప్ ఇస్తామన్నారు. మూత తీసి చూపించమన్నాను. లోపల అన్ని భాగాలకూ కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద కంపెనీ పేరు కూడా సరిగ్గా లేదు. చేత్తో ఎత్తి చూస్తే ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది. ఇరవై ఏళ్లుగా రాగితో పనిచేస్తున్నవాణ్ని, బరువు చూస్తే లోపల ఏముందో కొంత అర్థమవుతుంది. వద్దని వచ్చేశాను.

ఒక పది రోజులు నేను, అమ్మాయి కూర్చుని వీడియోలు చూశాం. తర్వాత ఇద్దరం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, ఆటోలో పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్లాం. నాలుగు షాపులు తిరిగి, రెండు షాపుల్లో కలిపి కొన్నాం. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ 11,400, భాగాలన్నీ బిగించే బీ450 బోర్డు (మదర్‌బోర్డు) 6,300, 8 జీబీ ర్యామ్ ఒక్కటి 1,700, ఆటలు, ఫైళ్లు దాచుకునే 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 2,600, 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తింపు) ఎస్‌ఎంపీఎస్ 3,600, మూడు ఫ్యాన్ల క్యాబినెట్ 2,400, 22 అంగుళాల మానిటర్ 7,300, కీబోర్డు మౌస్ 900, యూపీఎస్ 2,600. మొత్తం 38,800. అన్నిటికీ జీఎస్టీ బిల్లు తీసుకున్నాను. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామని ఒకచోట అన్నారు గానీ, మూడేళ్ల వారంటీ ఉన్న సరుకును చీటీ మీద కొనడానికి మనసొప్పలేదు.

ఈ లిస్టులో ఆట బొమ్మలను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు లేదని చూసే ఉంటారు. కావాలనే వదిలేశాం. 5600జీలో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌తోపాటే వస్తుంది. నలభై వేలలో కార్డు కూడా ఇరికించాలంటే ఎస్‌ఎంపీఎస్ నాసిరకం తీసుకోవాలి, బోర్డు తగ్గించుకోవాలి, మానిటర్ పాతది వెతుక్కోవాలి. అలా కాకుండా గట్టి పునాది వేసుకుని కార్డు తర్వాత పెట్టుకుందాం అనుకున్నాం. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయితే ఒక మాట. చేతిలో ఇంకాస్త డబ్బు ఉండి కార్డు మొదటి రోజే కొనగలిగితే 5600జీ వద్దు. గ్రాఫిక్స్ లేని 5600 తీసుకోండి. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5600జీకి 16 ఎంబీయే. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది.

బోర్డు విషయంలో షాపు కుర్రాడు మంచి మాట చెప్పాడు. "అన్నా, బీ450 పాత స్టాక్ అయితే బయోస్ అప్‌డేట్ చేయకుండా ఈ ప్రాసెసర్ లేవదు. డబ్బా మీద రైజెన్ 5000 రెడీ అని స్టిక్కర్ చూసి తీసుకో" అన్నాడు. బయోస్ అంటే స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను లేపే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం. ఆ స్టిక్కర్ ఉన్నదే ఏరి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక మంచం మీద కాదు, డైనింగ్ టేబుల్ మీద అట్టపెట్టె పరిచి మొదలుపెట్టాం. ప్రాసెసర్ కూర్చోబెట్టింది, ర్యామ్ నొక్కింది, ఎస్‌ఎస్‌డీ స్క్రూ బిగించింది అన్నీ అమ్మాయే. నేను టార్చ్ పట్టుకున్నాను. క్యాబినెట్ ముందు బటన్ల నుంచి వచ్చే సన్న పిన్నుల దగ్గర అరగంట పట్టింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. పిల్ల ముఖం చూడలేకపోయాను. రెండు గంటలు టెన్షన్. ర్యామ్ తీసి పెట్టాం, కేబుల్ మార్చాం. చివరికి బోర్డు పైమూలన ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల వైరు పెట్టలేదని తనే కనిపెట్టింది. పెద్ద వైరు పెట్టాం కదా, ఇంకేం ఉంటుందిలే అనుకున్నాం. అది పెట్టగానే బయోస్ తెర వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో అందరూ పన్నెండింటి దాకా మేలుకునే ఉన్నారు.

డబ్బు మిగుల్చుకుందామని ర్యామ్ ఒక్కటే కొనడం నేను చేసిన అసలు పొరపాటు. ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క ర్యామ్ ఉంటే ఒకే దారిలో డేటా నడుస్తుంది, రెండు ఉంటే రెండు దారులు. మైన్‌క్రాఫ్ట్‌లో సెకనుకు 35, 40 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వస్తూ మధ్యమధ్యలో ఆగిపోయేది. నెల తర్వాత అలాంటిదే ఇంకో 8 జీబీ 1,750 పెట్టి తెచ్చాం. వేసిన నిమిషం నుంచి 70 దాటింది. ఇంకేమీ మార్చలేదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా కట్టేవాళ్లు మొదటి రోజే రెండు ర్యాములు వేసుకోవాలి, ఇందులో రెండో మాట లేదు.

దానితోపాటు ఇంకోటి. మేం 3200 స్పీడు ర్యామ్ కొన్నా, అది 2400 దగ్గరే నడుస్తోందని చాలా రోజులు తెలియలేదు. బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ స్పీడు ప్రొఫైల్ ఆన్ చేస్తే గానీ అసలు స్పీడు రాదు. 16 జీబీ వేస్తే విండోస్‌లో 13.9 మాత్రమే వాడుకోవచ్చని చూపించినప్పుడు కూడా మోసపోయామేమో అని కంగారుపడ్డాను. 2 జీబీ గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టుకుందట, అంతే.

ఇప్పుడు నా సొంత పనికి సంబంధించిన విషయం. ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. వారం రోజులయ్యాక అమ్మాయి "డాడీ, డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది" అంది. మాది పాత ఇల్లు. ఆ గదిలో మూడు పిన్నుల సాకెట్ ఉంది గానీ వెనక ఎర్త్ వైరు లేదు. మీటర్ పెట్టి చూస్తే క్యాబినెట్‌కూ నేలకూ మధ్య 110 వోల్టులు చూపించింది. ఎస్‌ఎంపీఎస్ చెడిపోయి అలా రాలేదు. దాని లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మొత్తం 230లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువే, కానీ పిల్లలు చెప్పుల్లేని కాళ్లతో కూర్చుంటారు. పైగా ఎప్పుడైనా నిజంగా లోపల వైరు తగిలితే కాపాడేది ఎర్తే. ఆ ఆదివారమే మీటర్ బోర్డు దగ్గర నుంచి ఆ గదికి ఎర్త్ వైరు లాగాను. వైరుకు, సాకెట్‌కు కలిపి వెయ్యి కూడా కాలేదు. కంప్యూటర్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ చూపించుకోండి. రంగురంగుల లైట్ల ఫ్యాన్‌కు పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

యూపీఎస్ 600 వీఏది, అంటే 360 వాట్లు. కరెంటు పోతే ఆట సేవ్ చేసి ఆపుకోవడానికి ఐదారు నిమిషాలు ఇచ్చేది. రెండో ఏడు దాటాక కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఆగిపోవడం మొదలైంది. కొత్త యూపీఎస్ అక్కర్లేదు, లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మారిస్తే చాలు. తొమ్మిది వందలైంది.

వైఫై కోసం ఐదు వందల డాంగిల్ కొన్నాం. వీడియోలకు బాగానే ఉంది గానీ ఆన్‌లైన్ ఆటల్లో పింగ్ (మనం నొక్కింది ఆట సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) ఎగిరెగిరి పడేది. రౌటర్ నుంచి గోడ వెంట లాన్ కేబుల్ లాగాక కుదురుకుంది.

గ్రాఫిక్స్ కార్డు కోసం నెలకు 700 చొప్పున పక్కన పెడుతూ వచ్చాం. అందులో అమ్మాయికి పండగలకు అమ్మమ్మ, మేనమామలు ఇచ్చిన డబ్బు కూడా ఉంది. ఇరవై నెలలకు 14,000 అయ్యాయి. 2025 జనవరిలో హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర వాడిన ఆర్‌ఎక్స్ 6600 కొన్నాం. వారంటీ ఇంకా ఏడాది ఉంది, బిల్లు ఉంది. వాళ్లింట్లోనే అరగంట ఆట నడిపించి, వేడి చూసి, ఫ్యాన్ శబ్దం విని డబ్బు ఇచ్చాను. ఈ కార్డు 132 వాట్లే తీసుకుంటుంది, ఎనిమిది పిన్నుల వైరు ఒక్కటి చాలు. మొదటి రోజు కొన్న ఎస్‌ఎంపీఎస్‌లో ఆ వైరు ఉంది కాబట్టి ఇంకేమీ మార్చాల్సిన పని పడలేదు. ఆ రోజు డబ్బాతోపాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ తీసుకుని ఉంటే ఇప్పుడు ఇంకో మూడున్నర వేలు పెట్టాల్సి వచ్చేది. కార్డు పెట్టాక మళ్లీ తెర నల్లగా అయింది. మానిటర్ కేబుల్ బోర్డులోనే ఉండిపోయింది, కార్డుకు మార్చగానే వచ్చింది.

తేడా ఎంతంటే, జీటీఏ 5 మామూలు సెట్టింగుల్లో 50, 55 ఫ్రేములు వచ్చేది, కార్డు పెట్టాక అన్నీ బాగా పెంచినా 90కి తగ్గడం లేదు. వాలరెంట్ కార్డు లేనప్పుడే తక్కువ సెట్టింగుల్లో వంద దాటేది, దానికైతే కార్డు అవసరమే లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, విండోస్ 11లో వాలరెంట్ నడవాలంటే బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్ చేసి ఉండాలి. ఆ ఆటలో మాత్రం అపరిచితుల వాయిస్ చాట్ ఆపేయించాను. ఆడపిల్ల గొంతు వినగానే కొందరు మాట్లాడే తీరు నేను స్వయంగా విన్నాను. స్నేహితులతో ఆడేటప్పుడు వాళ్ల గుంపు వరకే పెట్టుకుంటుంది.

500 జీబీ ఏడాదికే నిండిపోయింది. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ పైన తింటుంది. 4,600 పెట్టి 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కలిపాం. నా లెక్కలో లేని ఇంకో ఖర్చు విండోస్ లైసెన్స్, దాన్ని మొదటే రాసుకోండి.

వేడి సంగతి. మే నెలలో మా పైగది పొయ్యిలా ఉంటుంది. ప్రాసెసర్‌తో వచ్చిన ఫ్యాన్‌తోనే నడుపుతున్నాం. ఆడుతుంటే 85 డిగ్రీల దాకా వెళ్లింది. దాని హద్దు 95. దుమ్ము దులిపితే 78కి దిగింది. మూడు నెలలకోసారి షాపులోని బ్లోయర్ తెచ్చి కొడతాను. అప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే ఫ్యానే డైనమో అయి బోర్డుకు కరెంటు ఎదురు పంపొచ్చు, బేరింగ్ కూడా పోవచ్చు.

కరెంటు బిల్లు గురించి చాలామంది అడుగుతారు. ప్లగ్ మీటర్ పెట్టి చూశాను. కార్డు లేనప్పుడు ఆడుతుంటే 95 వాట్లు, కార్డు వచ్చాక మానిటర్‌తో కలిపి 220 వాట్లు. రోజుకు రెండు గంటలాడితే నెలకు 13 యూనిట్లు.

ఇప్పుడు కొనేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మేం రెండు ర్యాములకు కలిపి పెట్టిన 3,450కి ఈ రోజు అవే రావు. బిల్లున్న, పనిచేస్తున్న పాత డీడీఆర్4 (మేం వేసిన రకం) ర్యామ్ దొరికితే వెనకాడకండి, ర్యామ్ తొందరగా పాడయ్యే వస్తువు కాదు.

అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మార్చిలో పరీక్షలు, అందుకని కంప్యూటర్ ఆదివారం సాయంత్రం మాత్రమే తెరుస్తోంది. ఆ ఒప్పందం తనే చేసుకుంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పక్కింటి బాబుకు ఇలాంటిదే అసెంబుల్ చేసి ఇచ్చింది. స్విచ్ వేసే ముందు ఎనిమిది పిన్నుల వైరు రెండుసార్లు చూసుకుంది. తర్వాత ఆగి, నాకు ఫోన్ చేసి, "డాడీ, వీళ్ల సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో తెలియట్లేదు, మీటర్ తీసుకుని ఒకసారి రా" అంది.