ఉత్తర్వా, ప్రతిఫలమా, రేపటి పాఠమా: టీచర్‌ను డిజిటల్ శిక్షణ వైపు నడిపించేది ఏది?

టీచర్ల డిజిటల్ శిక్షణ మీద సమీక్ష జరిగితే మొదట వినిపించే ప్రశ్న ‘ఎంతమంది పూర్తి చేశారు?’ అని. వాళ్లు ఎందుకు చేరారన్నది ఎవరూ అడగరు. నా దృష్టిలో అసలు అడగాల్సింది అదే. శిక్షణ ముగిసిన నెలకు తరగతి గదిలో ఏం మిగిలిందన్నది, టీచర్ ఏ కారణంతో అందులో చేరారన్న దాన్ని బట్టే ఉంటుంది. మన బడుల్లో ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి. పైనుంచి ఉత్తర్వు వచ్చిందని చేరేవాళ్లు, సర్టిఫికెట్టో గుర్తింపో వస్తుందని చేరేవాళ్లు, రేపటి పాఠానికి పనికొస్తుందని చేరేవాళ్లు.

ముందు ఉత్తర్వు సంగతి. ఎక్కువ మందిని కదిలించేది ఇదే. 2019 ఆగస్టులో మొదలైన ‘నిష్ఠా’ దేశంలోని దాదాపు 42 లక్షల మంది ఎలిమెంటరీ స్థాయి (ఒకటి నుంచి ఎనిమిదో తరగతి) టీచర్లకు, హెడ్మాస్టర్లకు శిక్షణ ఇవ్వాలని పెట్టుకున్న కార్యక్రమం. కోవిడ్ వచ్చాక 2020 అక్టోబరు నుంచి అది కేంద్రం నడిపే ఆన్‌లైన్ బోధన వేదిక ‘దీక్షా’ మీదికి మారి 18 కోర్సులుగా నడిచింది. అంతమంది ఒక్కసారిగా చేరడం ఉత్తర్వు లేకుండా అయ్యే పని కాదు. అప్పటిదాకా ఫోన్‌లో వాట్సాప్ తప్ప మరొకటి తెరవని టీచర్లు కూడా లాగిన్ అవడం, వీడియో చూడటం, క్విజ్ రాయడం దాని పుణ్యమా అని నేర్చుకున్నారు.

కానీ ఉత్తర్వు మీద చేసిన శిక్షణ ఎలా నడుస్తుందో స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్న ఎవరికైనా తెలుసు. ఉదయం మండల గ్రూపులో లింకు పడుతుంది. సాయంత్రానికి పూర్తి చేయనివాళ్ల పేర్లతో పెండింగ్ లిస్టు వస్తుంది. ఒక పక్క వీడియో నడుస్తుంటే ఇంకో పక్క నోట్సులు దిద్దుకోవడం, క్విజ్ జవాబులు గ్రూపుల్లో తిరగడం, చివరికి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. అదే ఫోన్‌లో పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు, మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఎక్కించాలి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ గుర్తింపు హాజరు యాప్ పెట్టినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు ఎంత గట్టిగా వ్యతిరేకించాయో గుర్తుండే ఉంటుంది. యాప్ అంటేనే నిఘా, లెక్కలు అనిపించే చోట శిక్షణ కూడా ఆ లెక్కల్లో ఒకటిగా కలిసిపోతుంది.

ఇక ప్రతిఫలం. స్కూల్ అసిస్టెంట్‌గా (హైస్కూల్లో సబ్జెక్టు టీచర్‌గా) ఉన్నవారు హెడ్మాస్టర్ పదోన్నతి కోసం గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టుకు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టుకు గైడ్లు కొనుక్కుని మరీ చదువుతారు. ఆ పరీక్షలు పదోన్నతితో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఎవరూ బతిమాలనక్కర్లేదు. డిజిటల్ శిక్షణకు అలాంటి ముడి లేదు. వేయాలా? నాకైతే ఇష్టం లేదు. ముడి వేస్తే పాసయ్యేవాళ్ల సంఖ్య తప్పకుండా పెరుగుతుంది, కానీ పరీక్షకు చదివింది పరీక్ష హాల్లోనే మిగిలిపోయే ప్రమాదమూ పెరుగుతుంది. బోధనలో ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) వాడకానికి కేంద్రం ఇచ్చే జాతీయ పురస్కారాలు ఉన్నాయి, మంచివే. అవి అందేది కొద్దిమందికి, అదీ అప్పటికే బాగా చేస్తున్నవాళ్లకు. ఇంకా మొదలే పెట్టని టీచర్‌ను అవి కదిలించలేవు.

మూడోదైన పాఠం అవసరం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నిజమైన ఉత్సాహం నేను చూసింది అక్కడే. అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని చెప్పడానికి లెక్కల మాస్టారు బోర్డు మీద మూడు బొమ్మలు గీస్తారు. ‘ఈ మూడింటికే అలా వచ్చిందేమో’ అన్న అనుమానం పిల్లల మొహాల్లో పోదు. లెక్కల బొమ్మలు గీసే జియోజిబ్రా సాఫ్ట్‌వేర్‌లో అదే బొమ్మ గీసి, అర్ధవృత్తం మీది బిందువును వేలితో జరుపుతూ పోతే కోణం 90 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడుతుంది. పక్క తరగతి మేడమ్ అది కిటికీలోంచి చూస్తే చాలు, ఇంటర్వెల్‌లో వచ్చి ‘సార్, అది నాకూ ఒకసారి చూపించరా’ అంటారు. ఏ ఉత్తర్వూ ఆ మాట అనిపించలేదు. భౌతికశాస్త్రం చెప్పేవారికి తెర మీదే ప్రయోగాలు చేయించే ఫెట్ సిమ్యులేషన్లలో సర్క్యూట్ కట్టి బల్బు వెలిగించడం అలాంటిదే. తెలుగు పండితుల సంగతి వేరు. ప్రశ్నపత్రం కోసం డీటీపీ సెంటర్ చుట్టూ తిరగడం, అను ఫాంట్లలో కొట్టించింది మన ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపించడం వాళ్ల పాత బాధ. ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో, నోటితో చెబితే అక్షరాలు పడతాయని ఒక్కసారి చూపిస్తే, మిగతాది వాళ్లే వెతుక్కుని నేర్చుకుంటారు.

మనుషులు కొత్త సాంకేతికతను ఎందుకు చేపడతారో పరిశోధించిన ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పింది కూడా దాదాపు ఇదే. కొత్త సాంకేతికతను మనిషి చేపట్టడంలో ‘ఇది నాకు పనికొస్తుంది’ అన్న నమ్మకం, ‘ఇది తేలిక’ అన్న నమ్మకం రెండూ పనిచేస్తాయని, వాటిలో మొదటిదే బలమైనదని ఆయన చూపించారు. మన శిక్షణలు మాత్రం ఎక్కువగా బటన్లు చూపించి తేలికని చెబుతాయి. ఏ పాఠానికి, ఏ పీరియడ్‌లో పనికొస్తుందో చూపించవు.

ఈ మూడో దారికీ లోపాలున్నాయి. చూడని దాన్ని ఎవరూ కోరుకోలేరు. పక్క తరగతే లేని ఏకోపాధ్యాయ పాఠశాలలో కిటికీలోంచి చూసేందుకు ఏముంటుంది? సీనియర్ టీచర్లలో కొందరికి ఇంకో భయం ఉంటుంది. ఫోన్ విషయంలో తమకంటే చురుకైన పిల్లల ముందు తడబడతామేమోనన్న భయం. అది సర్క్యులర్‌తో పోదు, బడి వదిలాక తోటి టీచర్ పక్కన కూర్చుని నాలుగుసార్లు చేయిస్తే పోతుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ సామగ్రిది. ఎంతో ఇష్టంగా నేర్చుకుని వచ్చిన టీచర్‌కు బడిలో నెట్ లేకపోతే, ప్యానెల్ (తరగతి గదిలోని డిజిటల్ బోర్డు) చెడిపోయి నెలల తరబడి బాగు కాకపోతే, ఇంకో శిక్షణకు రమ్మన్నప్పుడు ఆ ఇష్టం కనిపించదు.

కేరళ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2001లో మొదలైన అక్కడి ప్రభుత్వ కార్యక్రమం ఐటీ@స్కూల్, ఇప్పటి కైట్ సంస్థ, టీచర్లలోంచే మాస్టర్ ట్రైనర్లను తయారు చేసింది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను బడుల్లోకి తెచ్చింది. పదో తరగతి పరీక్షలో ఐటీ కూడా చేరింది. అదీ ప్రభుత్వ నిర్ణయమే. అయితే ‘శిక్షణ పూర్తి చేయండి’ అనడంతో ఆగకుండా, శిక్షణ లేకపోతే రేపు తరగతిలో నిలబడలేని పరిస్థితిని కల్పించింది.

అందుకే నా ఓటు పాఠం అవసరానికి. ప్రతిఫలం చివర. ఉత్తర్వును మాత్రం తీసిపారేయను, దాని పని మారాలంటాను. ఉత్తర్వు ఒక్కటే ఇవ్వగలిగింది ఒకటుంది, సమయం. ఆన్ డ్యూటీ (శిక్షణ రోజును పనిరోజుగా లెక్కించే అనుమతి) లేకుండా చాలామంది బడి వదిలి రాలేరు. 2020 జాతీయ విద్యా విధానం ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంటూనే, అది టీచర్ల సొంత ఆసక్తులను బట్టి సాగాలని స్పష్టంగా రాసింది. గంటలను పట్టుకుని ఆసక్తిని వదిలేశాం. ఆ 50లో సగమైనా టీచర్ ఎంచుకోనివ్వండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఉపన్యాసాలు తగ్గించి, వచ్చే వారం చెప్పబోయే పాఠం పట్టుకొచ్చి ప్యానెల్ మీద దాన్ని తయారు చేసుకుని వెళ్లే రెండు గంటలు పెట్టండి. ఏకోపాధ్యాయ బడి టీచర్ వచ్చిన రోజున ఆ పిల్లల దగ్గరికి సీఆర్పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను) పంపండి.